మూడో తాడు

తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. కూర్మావతి గాజుపలక తుడిచి, రెక్క పొడి మళ్లీ అద్దింది. మళ్లీ అదే. మూడోసారి కూడా అదే.

"పాలమెట్ట ఆకే తింది మేడమ్. అక్కడే పుట్టింది," అంది.

డాక్టర్ వసుంధర పాత్రో కుర్చీ జరుపుకుని వచ్చి తెర చూసింది. ఆనందించలేదు. కళ్లజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంటూ నిలబడిపోయింది.

ఆ పరికరాన్ని భీమిలి ప్రయోగశాలలో పుట్టుజాడ అంటారు. అరచేతిలో పట్టే పెట్టె. సీతాకోకచిలుక రెక్క మీది పొడి ఇంత అద్దితే, అది పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు ఏ నేల నీళ్లు తాగిందో ఒక గీతగా చూపిస్తుంది. పక్కన ఆ ఊరి ఆకు రసం అద్దితే రెండో గీత వస్తుంది. రెండూ కలిస్తే ఆ చిలుక ఆ ఊరి బిడ్డ. కలవకపోతే ఎక్కడినుంచో ఎగిరొచ్చిన చుట్టం.

ఇంత హంగామా ఒక చిన్న చిలుక కోసమే. దాని పేరు ఇటుకరెక్క. ఇటుక పొడి రంగు, నల్ల అంచు. దక్షిణాది ఉప్పునేలల్లో ఉండేది. పళ్లు తోముకోవడానికి పుల్లలు విరుస్తారే, ఆ వరగోగు చెట్టు ఆకు తప్ప మరొకటి ముట్టదు. రాత్రిళ్లు చల్లబడే చోట దాని గుడ్డు పొదగదు, పొదిగినా పురుగు బతకదు. రాత్రి కూడా చల్లబడని చోట పగలంతా ఎండలో పనిచేసే మనిషి కిడ్నీలు నిలవవని డాక్టర్లు తేల్చాక, ప్రభుత్వం ఊరూరా థర్మామీటర్లు పెట్టించింది. వాటి మీద తడిగోనెలు పడ్డాయి. కొన్ని నడిచి వెళ్లినట్టు వేపచెట్టు నీడకి చేరాయి. కోర్టులో ఒక్క అంకె నిలవలేదు. అప్పుడు పాత్రో మేడమ్ లేచి, "థర్మామీటరుకి గోనె కప్పగలరు గానీ ఊరంతటికీ కప్పలేరు. ఈ చిలుకని సాక్షిగా పెట్టుకోండి," అంది.

చట్టం వచ్చి ఆరేళ్లు. ఇటుకరెక్క ఎక్కడ పుడితే అక్కడ వేసవి నాలుగు నెలలూ పదింటి నుంచి నాలుగింటి దాకా ఆరుబయట పని బందు. చిలుక ఏటేటా ఉత్తరానికి జరుగుతోంది. దాని వెనకే పటం మీద ఒక ఎర్రగీత జరుగుతోంది. జనం దాన్ని రెక్కల గీత అంటారు.

"నిరుడు మన భీమిలి దాకా వచ్చింది," అంది పాత్రో. "ఈ ఏడు ఏకంగా పాలమెట్టలో పుట్టింది. మధ్యలో నూటపాతిక కిలోమీటర్లలో ఎన్ని గుడ్లు దొరికాయి?"

"ఒక్కటీ దొరకలేదు మేడమ్."

"అంటే రైలెక్కి వచ్చిందన్నమాట." ఆమె నవ్వలేదు. "గుడ్లు ఎవరైనా తెచ్చి అక్కడి ఆకు మీద పెంచితే పుట్టుజాడ ఏం చెప్తుంది?"

"అక్కడే పుట్టిందని చెప్తుంది."

"ఇటుకరెక్కని పెంచడం తెలిసినవాళ్లు ఎంతమంది?"

"ఈ గదిలోవాళ్లమే. ఏడుగురం."

"ఆ ఏడుగురిలో పాలమెట్టవాళ్లు?"

పాలమెట్టలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషి కూర్మావతే. తండ్రి బైరాగి అక్కడి ఉప్పుమడుల్లో ముప్పై ఏళ్లుగా చెక్కపారతో ఉప్పు లాగుతున్నాడు. ఈ సంగతి మేడమ్‌కి తెలుసు. గదిలో మిగతా అయిదుగురికీ తెలుసు. వాళ్లంతా ఒక్కసారిగా తమ తమ సీసాల మీదికి వంగిపోయారు.

"నేను నిన్ను అనుమానించడం లేదు, కూర్మా. గీత గీసే బోర్డు అనుమానిస్తుంది. అందుకే నువ్వే వెళ్లు. ఎవరు తెచ్చారో తేల్చు. ఫారం నీ చేత్తోనే నింపు."

ఫారం చివర ఒకే ప్రశ్న. 'మనిషి చేతితో తెచ్చినవి గానీ, వాటి సంతానం గానీ అవునా, కాదా?' అవునని రాస్తే ఆ ఏడు అక్కడ గీత పడదు.

* * *

పాలమెట్టలో బస్సు దిగేసరికి ఎండ మడుల మీద తెల్లగా పరుచుకుని కళ్లల్లో గుచ్చుతోంది. నలభై మడులు కౌలుకి పట్టిన లింగరాజు సాహు షెడ్డు ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు.

"రావమ్మా బైరాగి కూతురా! ఊరికి దీపం ఎట్టడానికొచ్చినావా, ఉన్న దీపం ఆర్పడానికొచ్చినావా?"

"పురుగుల్ని చూడ్డానికొచ్చాను బాబూ."

"పురుగులు నీ సెట్లమీద నేవు, ఆ యూనియనోళ్ల బుర్రల్లో ఉన్నాయి. వాళ్లే ఎక్కణ్నించో మోసుకొచ్చి వొదిలినారు. రాసుకో."

యూనియన్ గున్నయ్య కట్ట మీద ఎదురై ఇంకోటి చెప్పాడు. "సాహుకారి మాట నమ్మకు సెల్లీ. మడులు మూయించీసి నేలంతా సోలారోళ్లకి కట్టబెట్టాలని ఆయనే తెప్పించినాడు. మమ్మల్ని దొంగల్ని సేస్తన్నాడు."

ఆమె ఇద్దరి మాటా పుస్తకంలో రాసుకుంది. ఇద్దరూ ఆమె పుస్తకం వైపు ఒకేలా చూశారు.

బైరాగి మడిలో ఉన్నాడు. మోకాలిదాకా పంచె బిగించి, చెక్కపారతో ఉప్పుని గట్టుకి లాగుతున్నాడు. కూతుర్ని చూసి ఆగాడు గానీ గట్టెక్కలేదు.

"నీ సిలకలొచ్చినాయంట."

"నా చిలకలేంటయ్యా?"

"మరెవులివి? ఉప్పు ఎండలోనే కదే గడ్డకట్టేది. పది నుంచి నాలుగు మానీమంటే ఇంక మడెందుకు, నానెందుకు?" పార మీద గడ్డం ఆనించి ఆమె మొహంలోకి చూశాడు. "నిజం సెప్పు. నువ్వేగాని తెచ్చినావేటి?"

"నేనెందుకు తెస్తాను?"

"ఏమో. సదువుకున్నోలు. దేనికేటి సేస్తారో మాకెలా తెలుస్తాది."

ఆ మాట అని మళ్లీ వంగాడు. వంగినప్పుడు ఆమె అతని కాళ్లు చూసింది. చీలమండలు కనపడనంతగా వాచి ఉన్నాయి. గట్టెక్కాక దగ్గర కూర్చుని, ఉప్పు దులుపుతున్నట్టు నటిస్తూ పిక్క కింద వేలితో నొక్కింది. గుంట పడింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ గుంట పూడలేదు.

"పోయినేడు సెలైను ఎక్కించుకుని లేచి రాలేదేటి? ఈ యేడూ అంతే," అన్నాడు బైరాగి, కాలు లాక్కుంటూ.

* * *

మూడు రోజులు కట్టలన్నీ తిరిగింది. ఉప్పునీళ్లకి కట్టలు కోసుకుపోకుండా ఎప్పుడో నాటిన వరగోగు చెట్లు వరసగా ఉన్నాయి. చాలావాటి మీద గుడ్లు ఉన్నాయి, లేత ఆకుల అడుగున నువ్వుగింజల్లా. ఆమె వెళ్లిన ప్రతిచోటా వెనక ఎవరో ఒకరు నడిచారు. ఒకరోజు సాహు మనిషి, ఒకరోజు గున్నయ్య మనిషి. ఆగి చూస్తే బీడీ ముట్టించుకుంటున్నట్టు తల తిప్పుకునేవాళ్లు.

నాలుగోరోజు ఉత్తరం కాలువ చివర, పొదల మధ్య, ఎండి ముడుచుకుపోయిన తెల్లటి ముక్కలు నాలుగు కనిపించాయి. చేతిలోకి తీసుకుంది. అరటి దవ్వ. ముక్కముక్కకీ మధ్యలో పుల్ల గుచ్చిన చిల్లు.

ఉప్పునేలలో అరటి మొలవదు. ఆమె అక్కడే కట్ట మీద కూర్చుంది.

భీమిలిలో చేరిన కొత్తలో పురుగుల్ని నీళ్లు పోసిన గాజుగొట్టాల్లో కొమ్మలు పెట్టి పెంచేవారు. సగం పురుగులు జారి నీళ్లలో పడి చచ్చేవి. కూర్మావతి ఒకరోజు బజారునుంచి అరటి దవ్వ తెచ్చి, ముక్కలు కోసి, కొమ్మలు దానికి గుచ్చింది. ఆకు మూడు రోజులు వాడలేదు. ఒక్క పురుగు పోలేదు. మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. ఆ సంగతి ప్రయోగశాల బయట ఆమె ఒక్కరికే చెప్పింది, ఆదివారం ఫోనులో.

మూడేళ్ల ఆదివారాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 'గుడ్డుకి ఎండ తగలాలేటి?' 'ఆకు ఎన్నాళ్లకోపాలి మార్సాలి?' 'సీమలెక్కకుండా ఏటి సేస్తారు?' ఇంట్లో తన పని గురించి అడిగే మనిషి ఒక్కరైనా ఉన్నారని సంబరపడి, ఇంగ్లీషు మాట ఒక్కటి రాకుండా, అన్నం కలిపి పెట్టినట్టు విడమరచి చెప్పింది. ఏటా ఫాల్గుణంలో ఉప్పాడ చెల్లెలింటికి వెళ్లొస్తున్నానని తల్లి చెబితే, పిన్ని బాగుందా అని మాత్రమే అడిగింది.

ఉప్పాడలో గీత పడి మూడేళ్లు దాటింది. అక్కడి ఆకుల మీద గుడ్లకి కొదవ లేదు.

* * *

దాలమ్మ పెరట్లో ఎండుచేపలు ఏరుతోంది. కూతురు చేతిలోని దవ్వ ముక్క చూసి, చేపల బుట్ట పక్కకి జరిపింది.

"దొరికినాదేటి? అన్నీ ఏరీసినాననుకున్నాను."

"ఎందుకు చేశావమ్మా ఇలాంటి పని?"

"గట్టిగా మాటాడకు. పక్కింటోలు ఇంతారు."

"ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు పడి చస్తున్నారు. అయ్య నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడు. మా మేడమ్ నా ముఖం మీదే అడిగింది. నీకు తెలుసా?"

"తెలుసు. నోటినిండా తిట్టుకో. తిట్టినాక సెప్తాను."

కూర్మావతి తిట్టలేదు. దాలమ్మ లేచి, చేతులు కడుక్కుని, చూరులో దోపిన కొబ్బరితాళ్లు మూడు తీసింది. చదువు రాని దాలమ్మకి ఏదైనా గుర్తుంచుకోవాలంటే తాడే. పాలమెట్ట ఆడవాళ్లు ఉప్పు తట్టలు మోసేటప్పుడు తట్టకో ముడి వేసుకుంటారు. జారిపోయి నీళ్లపాలైన తట్టకి వేసిన ముడిని పడవల తారులో ముంచుతారు, మళ్లీ లెక్కలోకి రాకుండా.

మొదటి తాడు చేతికిచ్చింది. గుడ్డుకొకటి చొప్పున ముప్పై ముడులు. ముప్పైకీ తారు.

"ఇది మొదటేడు. నువ్వు సెప్పినట్టే కొమ్మలు టిఫిను కారేజీలో ఎట్టి తెచ్చినాను. ఒక్క గుడ్డూ పగల్లేదు."

రెండో తాడు. నలభై ముడులు. నలభై నల్లగానే ఉన్నాయి.

"పోయినేడు అయిదు పురుగులైనాయి. ఇంతింత ఎదిగినాయి. అందులో రెండు గూడు కూడా కట్టినాయి. సిలకలవ్వకుండానే సచ్చిపోనాయి. మీయయ్య సెలైనెట్టుకుని పడుకున్నాడే, ఆ వారమే."

మూడో తాడు ఇవ్వడానికి ఆమె కాసేపు తటపటాయించింది. నలభై ముడులు. మూడింటికే తారు. తక్కినవన్నీ కొబ్బరిపీచు రంగులో మామూలుగా ఉన్నాయి.

కూర్మావతి మూడు తాళ్లూ పక్కపక్కన పరిచింది. గీతకి ఆవల గుడ్లు పెట్టి చూసే ప్రయోగం భీమిలిలో ఎవరూ చేయలేదు. చట్టం ఒప్పుకోదు. అదే ఊరు, అదే చెట్టు, అదే చెయ్యి, వరసగా మూడేళ్లు. మారింది రాత్రుల వేడి ఒక్కటే.

"నాను మొదట మోసమే సేద్దామనుకున్నాను," అంది దాలమ్మ. "సిలక కనపడితే మడి మూసేత్తారు, మీయయ్య ఇంటికాడ ఉంతాడు అనుకున్నాను. నా మాటకి పని మానే మనిషి కాదు కదా. అవి సచ్చిపోతే ఏడుపొచ్చింది. తరవాత నాకే తెలిసినాది, అవి సచ్చిపోనంత కాలం కాదే, సచ్చిపోతన్నంత కాలమే మీయయ్యకి బాగున్నట్టు. ఈ యేడు పొద్దున్నే లేచి సూస్తే కొమ్మలకి సుట్టిన వలంతా సిలకలు. పురుగులు బతికినాయని సంబరపడాలి కదా. నాకు మీయయ్యే గురుతొచ్చినాడు."

పెరట్లో ఎండుచేపల మీద ఈగలు ముసురుతున్నాయి. ఇద్దరూ తోలలేదు.

"కాదని రాసీయే," అంది దాలమ్మ మెల్లగా. "ఒక్క మాట. రేపు మడి మూసేత్తారు."

"రాయలేనమ్మా."

"ఉద్యోగం పోద్దనా?"

"ఉద్యోగం ఎలాగూ పోతుంది. ఇలాంటి ముక్క రేపు ఇంకొకటి సాహుకి దొరుకుతుంది. కోర్టుకి పట్టుకెళ్తాడు. ఉప్పాడ నుంచి భీమిలి దాకా గీతంతా చేత్తో తెచ్చిందేనంటారు. అక్కడ నీడన కూర్చున్నవాళ్లందర్నీ మళ్లీ ఎండలోకి దింపుతారు. పిన్ని మొగుణ్ని కూడా."

దాలమ్మ తాళ్లు మూడూ చుట్టి కూతురి చేతిలో పెట్టింది. తర్వాత, "నీకు సదువు సెప్పించింది నానే," అని, మళ్లీ చేపల బుట్ట దగ్గరికి జరుపుకుంది.

* * *

సాయంత్రం కూర్మావతి ఫారం నింపింది. 'అవును' దగ్గర గుర్తు పెట్టి, తెచ్చినవారు అన్నచోట తల్లి పేరు, పద్ధతి తెలిపినవారు అన్నచోట తన పేరు రాసింది. కింద ఖాళీలో మూడు తాళ్ల సంగతి రాసింది. ముడులెన్ని, తారు ముడులెన్ని, ఏ ఏడు. తర్వాత మేడమ్‌కి ఫోను చేసి అంతా చెప్పింది.

అంతా విని పాత్రో ఒకటే అడిగింది.

"ఏ రోజు ఎన్ని చచ్చాయో ఆవిడ రాసుకుందా?"

"రాయలేదు మేడమ్. ముడి వేసింది."

"ముడి వేసింది," అని పాత్రో తనలో తాను అనుకున్నట్టు అంది. "మనం ఆరేళ్లు పురుగు ఎక్కడ బతికిందో చూశాం గానీ ఎక్కడ చచ్చిందో చూడలేదు. కూర్మా, ఆ తాళ్లు జాగ్రత్త చెయ్యి. ఫారంతోపాటు నీ ఐడీ కార్డు కూడా పంపించు. నేనడగడం లేదు. బోర్డు అడుగుతుంది."

"కవర్లో పెట్టేశాను మేడమ్."

బైరాగికి ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పింది. అతను ముద్ద నోట్లో పెట్టుకోకుండా పెళ్లాం వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ కలిసి నిన్నా మొన్నా కూకుని కట్టినారేటి ఈ తాళ్లు? నన్ను ఇంట్లో కూకోబెట్టడానికి?"

కూర్మావతి తాళ్లు అతని ముందుకి జరిపింది. అతను ఎడంచేత్తో మొదటి తాడు అందుకున్నాడు. ముప్పై ఏళ్లు ఉప్పులో తిరిగినవాడికి తారు వయసు ఎవరూ చెప్పనక్కర్లేదు. బొటనవేలితో ముడి నొక్కాడు. బూడిదరంగు తిరిగి, పగుళ్లిచ్చి, పొట్టు పొట్టుగా రాలింది. రెండోది నొక్కాడు. పైన గట్టి, లోపల ఇంకా కొంచెం మెత్తన. మూడోదానిలో మూడు నల్లముడులున్నచోట వేలికి జిగట అంటుకుంది. ఆ వేలు వాసన చూసుకున్నాడు.

"యేడుకొక్కటి కట్టినవే," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

తర్వాత తారు లేని ముడుల మీదుగా వేలు నడిపించాడు, ఒక్కొక్కటీ ఆగి ఆగి. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటినుంచి వచ్చాడు. అన్నం కంచంలో చల్లారిపోయింది.

* * *

మర్నాడు తెల్లారకుండా పార భుజాన వేసుకుని మడికి పోయాడు. పోతూ మూడో తాడు పట్టుకెళ్లాడు. షెడ్డు స్తంభానికి దాన్ని కట్టాడట. గున్నయ్య వచ్చి చెప్పాడు.

"మీ అమ్మేనంట కదా సెల్లీ. సాహుకారి ఎగిరి గంతేస్తన్నాడు, గీత పడదని. మావోళ్లు సగంమంది మీ అమ్మని తిడతన్నారు. సగంమంది తాడు పట్టుకుని సూస్తన్నారు. ఒకడైతే నాకి సూసినాడు."

"నువ్వేమంటావు అన్నా?"

"నానా? నాకూ నమ్మకం సాలట్లేదు." గున్నయ్య తల గోక్కున్నాడు. "ఆ తారు మాత్రం నిన్నా మొన్నటిది కాదు."

ఎండ ముదిరింది. దాలమ్మ గుమ్మంలో నిలబడి కట్ట వైపు చూస్తోంది. చేతిలో పనేమీ లేదు. తల్లిని ఖాళీ చేతులతో కూర్మావతి ఎప్పుడూ చూసి ఉండలేదు.

"పదయ్యిందేటే?"

"ఇంకా అయిదు నిమిషాలుంది."

దూరంగా సాహు మంచం మీంచి లేచి అరుస్తున్నాడు. మాటలు సరిగ్గా వినపడలేదు. "గీత పడలేదు కదరా బైరాగీ" అన్నట్టుంది. కాసేపటికి తెల్లటి మడుల మధ్య కట్ట మీద ఒక మనిషి కనిపించాడు. వాచిన కాళ్లతో నెమ్మదిగా, పార భుజాన వేసుకుని ఇంటివైపు నడుస్తున్నాడు. అతనికి చాలా వెనక ఇంకొకడు. ఆ వెనక గున్నయ్య, ఇటూ అటూ చూసుకుంటూ. అంతే. మిగతావాళ్లు మడుల్లోనే వంగి ఉన్నారు. కొందరు తలెత్తి చూసి మళ్లీ వంగారు.

దాలమ్మ లోపలికి వెళ్లి కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి గడప మీద పెట్టింది. తర్వాత చూరులోంచి కొత్త తాడు లాగింది. బైరాగి గుమ్మం ఎక్కేలోపు ఒక ముడి వేసింది. కట్ట వైపు చూసి ఇంకో రెండు వేసింది. తారు డబ్బా పక్కనే ఉంది. దాని మూత తియ్యలేదు.

మిగతా తాడంతా ముడుల్లేకుండా ఆమె చేతిలోంచి నేలదాకా వేలాడుతోంది.